మూడు సొరంగాలు, ఒక గుండె

మా బ్రెజొవాత్స్ పురపాలక సంఘం ఒకే రోజున మూడు సొరంగాలను ప్రారంభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వీటికోసం ఎవరూ పార పట్టలేదు, ఏ కొండకూ చిల్లు పడలేదు. ఇవి కంప్యూటర్ల మధ్య వేసే సొరంగాలు. ఒకచోటి కాగితం పరాయి కంట పడకుండా మరోచోటికి చేరే దారిని వీపీఎన్ అంటారు. ప్రపంచంలో చాలా ఊళ్లకు ఇలాంటిది ఒకటి సరిపోతుంది. మాది గొప్ప ఊరు.

దారి కావాలని మొదట అడిగింది కొండమీది పల్లెలో చిన్న ఆసుపత్రి నడిపే డాక్టర్ దెసాంక. ఆవిడ దగ్గరికి రాదోసావ్ అనే గొర్రెల కాపరి వస్తుండేవాడు. అతని గుండె లయ తప్పుతోంది. దెసాంక ఈసీజీ తీయగలదు గానీ, దాన్ని చదివి మందు మార్చవలసిన గుండె డాక్టరు గ్రుయిత్సా ఉండేది కింద ఊళ్లోని పెద్దాసుపత్రిలో. అందుకని ఆవిడ ఆ కాగితాన్ని కవరులో పెట్టి బస్సు డ్రైవరు జ్వోన్కోకు ఇచ్చేది. మా దేశంలో విలువైనదేదీ తపాలాలో పోదు. పెళ్లి ఉంగరాలు, ఇంటి తాళాలు, రేగుపళ్ల సారా, అన్నీ బస్సు డ్రైవరు చేతిమీదుగానే వెళతాయి.

“డాక్టరమ్మా, నాకంటే నా గుండే ఎక్కువసార్లు ఊళ్లోకెళ్లొచ్చింది!” అని రాదోసావ్ నవ్వేవాడు.

జ్వోన్కో ఏనాడూ ఒక్క కవరు కూడా పోగొట్టలేదు. అయినా ఇది ఆధునిక పద్ధతి కాదని పెద్దలు గుర్తించి, తగిన సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేయడానికి ఒక సంఘాన్ని వేశారు.

చిక్కు ఎక్కడంటే, మా ఊళ్లో కంప్యూటర్లన్నీ ఒక జాతివి కావు. పెద్దాసుపత్రిలో విండోస్. పురపాలక అధ్యక్షుడు వుకాషిన్ గారి కార్యాలయంలో మ్యాక్, ఎందుకంటే ఫొటోల్లో ఆయన పక్కన అది అందంగా పడుతుంది. కొండమీది ఆసుపత్రిలోనూ గ్రంథాలయంలోనూ లినక్స్, ఎందుకంటే అది ఊరికే వచ్చింది. మూడింటిమీదా చక్కగా నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటి లేకపోలేదు. మొదటి సమావేశంలోనే ఎవరో దాని పేరెత్తారు, ఆ పూటే కొట్టేశారు. అందరికీ పనికొచ్చేది ఎవరి మనిషీ కాదు కదా.

అటుపైన చర్చలు ఉన్నత స్థాయిలో సాగాయి. విండోస్ వర్గం మ్యాక్ వర్గం చేతి కాఫీ తాగడం మానేసింది. లినక్స్ వర్గంలో ఉన్నది ఇద్దరే అయినా వాళ్లలో వాళ్లే చీలిపోయారు. చలికాలమంతా ఒక్కో సభ్యుడి ఇంట్లో ఆ ఇంటిని కాచే పునీతుడి పండగ. శత్రువులంతా ఒకరింటికొకరు వెళ్లి కడుపునిండా తిని, మర్నాడు యథాప్రకారం మాట్లాడుకోవడం మానేసేవారు.

దెసాంక ఫోన్ చేసింది. “ఏదో ఒకటి పెట్టెయ్యండి బాబూ. ఆయన గుండె మీ సమావేశాలకోసం ఆగుతుందా?”

“తొందరపడితే ఎలాగమ్మా?” అన్నాడు సంఘం కార్యదర్శి. “రేపు తప్పుడుది ఎంచుకున్నామంటే చరిత్ర మమ్మల్ని క్షమిస్తుందా?”

చివరికి వుకాషిన్ గారు తీర్పు చెప్పారు. “నా పాలనలో ఓడినవాడంటూ ఉండకూడదు. మూడూ పెట్టండి!” పెట్టారు. విండోస్ సొరంగం పెద్దాసుపత్రికీ పన్నుల శాఖకూ మధ్య. మ్యాక్ సొరంగం అధ్యక్షుడి కార్యాలయానికీ ఆయన తోట ఇంటికీ మధ్య. లినక్స్ సొరంగం కొండమీది ఆసుపత్రికీ గ్రంథాలయానికీ మధ్య. ఒకదానిలోది మరోదానిలోకి పోదు. భద్రత అంటే ఇదేనని అందరూ మెచ్చుకున్నారు.

ప్రారంభోత్సవానికి చప్పట్లు కొట్టే జనం కావాలి గనుక జ్వోన్కో బస్సును కొండమీదికి పంపారు. మర్యాద ప్రకారం ఉన్న ఒక్క అంబులెన్సునూ వేదిక పక్కన నిలబెట్టారు. సరిగ్గా ఆ ఉదయమే రాదోసావ్ ఆయాసపడుతూ ఆసుపత్రికి వచ్చాడు. అంబులెన్సు రాదనీ, బస్సు కుదుపులకు అతను తట్టుకోలేడనీ తెలిసి దెసాంక ఈసీజీ తీసి, పరుగున వెళ్లి జ్వోన్కోకు అందించింది. “గ్రుయిత్సా చేతికే ఇవ్వు నాయనా. ఏ మందు వెయ్యాలో వెంటనే చెప్పమను.”

గ్రుయిత్సా ప్రారంభోత్సవ సభలో ముందు వరుసలో, కాల్చిన గొర్రెపిల్ల మాంసం ముందు కూర్చుని ఉన్నాడు.

“డాక్టరుగారూ, రాదోసావ్ మావయ్య గుండె కాగితమండీ. ఒక్కసారి చూడండి.”

“చేతికిస్తావేంటయ్యా! ఇవాళ్టి నుంచి అది నేరం. రోగి గోప్యతంటే తెలుసా నీకు? సొరంగంలో పంపమను.”

“కాగితం ఇక్కడే ఉంది, మీరూ ఇక్కడే ఉన్నారు. మధ్యలో సొరంగం దేనికండీ?”

“నువ్వు బస్సు నడుపుకో, జ్వోన్కో.”

అదే సమయానికి వేదికమీద వుకాషిన్ గారు గొంతెత్తారు. “సోదరులారా! నేటితో కొండకూ ఊరికీ మధ్య దూరం చచ్చింది!” చప్పట్లు మోగాయి.

జ్వోన్కో ఫోన్‌లో సంగతి చెప్పగానే, గ్రంథాలయం నుంచి ఎవరైనా గ్రుయిత్సాకు అందిస్తారని దెసాంక సొరంగాన్నే నమ్ముకుంది. నిబంధన ప్రకారం గోప్యతకోసం ఈసీజీ మరో ప్రతిమీద రోగి పేరు తీసేసి, అధికారికంగా ఉండాలని గుండ్రటి ముద్ర వేసి పంపింది. కాగితం దారిలో ఎవరి కంటా పడకుండా, చెక్కు చెదరకుండా, గ్రంథాలయానికి చేరింది.

అక్కడ ‘మా కొండలు’ చిత్రలేఖనం పోటీ జరుగుతోంది. బొమ్మమీద పేరుండకూడదు, ముద్ర మాత్రం ఉండి తీరాలి. వచ్చిన కాగితంమీద పేరు లేదు, ముద్ర ఉంది, ఎగుడుదిగుడు గీతా ఉంది. శిఖరాలు తడబడుతున్న తీరులో లోతైన విషాదముందని న్యాయనిర్ణేతలు ప్రశంసించారు. మొదటి బహుమతి అధ్యక్షుడి మనవరాలిదని ముందే తెలుసు గనుక దీనికి రెండోది ఇచ్చారు.

రాదోసావ్ ఆ సాయంత్రమే పోయాడు. ఇది రాస్తుంటే నాకు నవ్వు రావడంలేదు, ఒళ్లు మండుతోంది.

దినం భోజనాల దగ్గర మా ఊరంతా కూడింది. విండోస్ ఒక్కటే పెట్టి ఉంటే బతికేవాడని ఒక బల్ల, ఈ పాపం లినక్స్‌దేనని ఇంకో బల్ల. గొంతులు పెరిగాయి. దెసాంక గ్లాసు ముట్టకుండానే లేచింది.

“ఆ కాగితాన్ని ఎవరైనా చదివుంటే చాలు, బతికేవాడు,” అంది.

కార్యదర్శి మెల్లగా అడిగాడు. “చదవడమంటే డాక్టరమ్మా, విండోస్‌లోనా, మ్యాక్‌లోనా?”

మీరు కూడా ఈపాటికి మనసులో ఏదో ఒకదాన్ని ఎంచుకునే ఉంటారు. మొహమాటపడకండి, మీ అభిప్రాయాన్ని మా సంఘానికి రాసి పంపండి. కవరు జ్వోన్కో చేతికి ఇస్తే చేరుతుంది.