నలభయ్యారు అంగుళాల మనిషి

దర్జీ తన జీవితంలో నమ్మింది రెండింటిని. ఒకటి మెడలో వేలాడే టేపు, రెండోది తన ఆకలి. ఒళ్లు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టిన రెండు నెలలకి ఆ రెండోది చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. మొదటిది మాత్రం నలభయ్యారు నుంచి నలభైమూడుకి దిగి మహా సంతోషంగా ఉంది.

సంతోషం టేపుకే. ఆయన భోజనానికి కూర్చుని, కంచం వైపు ఎవరో పరాయివాళ్ల ఫోటో చూసినట్టు చూసి లేచిపోయేవాడు. మాట కూడా తగ్గింది. అది ముందే అంతంతమాత్రం.

మందు రాసిన డాక్టరుకి ఇది తెలిసిన వ్యవహారమే. "తిండి ఇచ్చే ఓదార్పు పోయాక ఆ ఖాళీలో ఇంకేదో ఒకటి ఉండాలి. కౌన్సెలింగ్‌కి వెళ్లండి, మానేస్తే మందు కూడా ఆపేస్తాను" అన్నాడు. భార్య ఎదురుగా అన్నాడు, అదీ వచ్చిన చిక్కు.

దర్జీ వారం వారం వెళ్లి "బాగానే ఉందండీ" అని చెప్పి వచ్చేవాడు. చివరికి కౌన్సెలరమ్మ ఇంటిపని ఇచ్చింది. రోజూ సాయంత్రం అరగంట ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసుకోవాలి. అందులో తన పాత మనిషి, ఆ లావుపాటి తనే, కూర్చున్నాడనుకుని మనసులో ఉన్నది చెప్పాలి.

"ఖాళీ కుర్చీతో ఏం మాట్లాడను?" అన్నాడు దర్జీ ఇంటికొస్తూ.

"ఇరవై ఏళ్లుగా నేను మాట్లాడటం లేదూ?" అంది భార్య.

ఆ రాత్రి కాదు, మర్నాడు పట్టపగలే, ఆయనకి ఉపాయం తట్టింది. కొట్టులో కోట్లు తొడిగి చూసే గుడ్డబొమ్మ ఒకటి ఉంది. దానికి తలా లేదు, కాళ్లూ లేవు. దాని పొట్టలో దూది కూరి సరిగ్గా నలభయ్యారుకి తెచ్చాడు. తన పాత చొక్కా తొడిగి, ఇంటి వెనకగదిలో కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత కొట్టులో కుట్టుమిషను ముందు కూర్చుని ఫోనులో అరగంట గొణుగుడు రికార్డు చేశాడు. ఊఁ, నిజమే, సరేలే, నేనూ అదే అనుకున్నా. కాసేపయ్యాక మళ్లీ ఊఁ.

సాయంత్రం ఆరింటికి గది తలుపు దగ్గరగా వేసి, ఫోను బొమ్మ చొక్కా జేబులో పెట్టి, వెనక తలుపులోంచి జారుకునేవాడు. వీధి చివర బస్సుల కోసం వేసిన బల్లమీద అరగంట కూర్చుని వచ్చేవాడు. వంటింట్లో భార్యకి గొణుగుడు వినిపించేది. అందరికీ హాయి.

రెండో వారంలో ఒకరోజు చినుకులు పడితే ముందే తిరిగొచ్చాడు. వెనక కిటికీ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. గదిలోంచి భార్య గొంతు వినిపిస్తోంది.

"అద్దంలో ఉన్నదెవరో మీకే తెలియడం లేదు కదూ?"

"ఊఁ" అంది ఆయన గొంతు.

"నాకూ అంతే. పక్కన ఎవరో సన్నటాయన పడుకుంటున్నాడు. మొహమాటంగా ఉంది."

"నేనూ అదే అనుకున్నా."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు దర్జీ విని ఏళ్లయింది.

"మరి నాతో మనసు విప్పి ఎప్పుడు మాట్లాడతారు?"

"రేపు" అంది గొంతు.

కిటికీ బయట దర్జీ తన గొణుగుడంతా మొదటి నుంచి వరసగా తలుచుకున్నాడు. రేపు అనే మాట రికార్డు చేసినట్టు, ఎంత ఆలోచించినా ఆయనకి గుర్తు రాలేదు.

ఆవిడ వెళ్లాక లోపలికొచ్చాడు. బొమ్మ ముందు ముక్కాలి పీట, దానిమీద రెండు టీ కప్పులు ఉన్నాయి. రెండూ ఖాళీగా ఉన్నాయి. ఏం చేయాలో తోచక, చేతికి అలవాటైన పని చేశాడు. టేపు తీసి బొమ్మ నడుం కొలిచాడు. నలభైయేడు. తన నడుం కొలుచుకున్నాడు. నలభైరెండు. పోయిన వారమే అది నలభైమూడు. టేపుని కొట్టులోని ఇనప స్కేలు పక్కన పెట్టి చూశాడు. టేపు తప్పేం లేదు.

మరో వారానికి కుర్చీ కింద ఆయన పాత చెప్పులు వచ్చాయి. తర్వాత ప్యాంటు, దానిలో కాళ్లు. లావుగా ఉన్న రోజుల్లో ఆయన కాలుమీద కాలు వేసుకోలేకపోయేవాడు. బొమ్మ వేసుకుంది. దాని నడుం నలభైయెనిమిది, ఆయనది నలభైయొకటి. తన దగ్గర పోయిందంతా ఎక్కడికి చేరుతోందో లెక్క తెలిశాక ఆయనకి నీళ్లు కూడా దిగలేదు.

"వెనకగదిలో ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడిగాడు, ధైర్యం కూడగట్టుకుని.

"మీతోనే."

"నాతో ఎప్పుడు మాట్లాడావు?"

"రోజూ ఆరింటికి. ఈమధ్య బాగా వింటున్నారు" అని ఆవిడ కప్పులు కడుక్కుంటూ ఉండిపోయింది.

మర్నాడు కిటికీలోంచి చూస్తే ఆవిడ బొమ్మ చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టి, దాని గుండెల మీదికి వంగి పంటితో దారం తెంపుతోంది. దర్జీ పెళ్లాం దర్జీ చొక్కాకి ఇన్నేళ్లలో ఎప్పుడూ బొత్తాం కుట్టలేదు. కుట్టాల్సిన అవసరం ఆయన రానివ్వలేదు.

పొద్దున్నే పిలవకుండానే కౌన్సెలరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. గంటంపావు మాట్లాడాడు. ఆకలితో పాటు ఇంకేదో కూడా పోయిందన్నాడు. పొద్దున లేవగానే ఎదురుచూడటానికి ఏమీ లేదన్నాడు. ఆ ఇంటి మనిషి కుర్చీలో కూర్చున్నవాడేననీ, తను అద్దెకొచ్చినవాడిలా తిరుగుతున్నాననీ, భార్యకి కూడా వాడే నచ్చాడనీ చెప్పి, చేతిరుమాలు తడిసిపోయేదాకా ఏడ్చాడు.

కౌన్సెలరమ్మ అంతా విని, "ఇన్ని వారాల్లో మీరు మాట్లాడింది ఇవాళే. వస్తారని మీ ఆవిడ ముందే చెప్పింది. బొమ్మ నడుం యాభై దాకా వెళ్లనివ్వరు అంది" అన్నది.

దర్జీ ఇంటికొచ్చి బొమ్మ చొక్కా విప్పాడు. పక్క కుట్టు పొడుగునా బెత్తెడేసి వంకర కుట్లు. లోపల పాత దిండు దూది.

"ఇది నీ పనా?"

"కొలిచారే గానీ కుట్టు చూడలేదు. ఇంకెక్కడి దర్జీ మీరు?" అంది భార్య.

"రేపు అన్నదెవరు?"

"మీరే. రికార్డు మధ్యలో ఎవరో దూరంగా 'నా ప్యాంటు అయిందా' అని అడిగారు. మొదటిరోజే విన్నాను. ఏ జవాబు ఎప్పుడొస్తుందో తెలిశాక ప్రశ్నలు వేసుకోవడం ఎంతసేపు?"

"రెండు కప్పులు?"

"రెండూ నేనే తాగాను. మీరు టీ కూడా మానేశాక తోడెవరున్నారు?"

దర్జీ తలదించుకుని బొత్తాలు మళ్లీ పెట్టడం మొదలుపెట్టాడు. పెడుతూనే, "మరి దానితో చెప్పిన మాటలు? అవీ నాటకమేనా?" అన్నాడు.

"కొలతలు నాటకం. మాటలు కాదు."

"నాకు భయమేసింది" అన్నాడాయన. చెప్పడం కష్టమైంది. "నేను లేకపోయినా ఇంట్లో అన్నీ జరిగిపోతున్నాయని."

భార్య పీటమీద కూర్చుంది. "నన్ను భయపెట్టిందీ అదే. మీ ఊఁ మీలోంచి వచ్చినా, ఆ చొక్కా జేబులోంచి వచ్చినా, మాట్లాడుతూ ఉంటే నాకు తేడా తెలియలేదు."

దర్జీ ఊఁ అనబోయి ఆగిపోయాడు. బొమ్మని ఎత్తి గోడవారకి చేర్చి, ఆవిడ ఎదురుగా ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.