ఎనిమిదో పాయింటు

"ఈ భవనం రాష్ట్రంలోనే తొట్టతొలి స్విచ్చు రహిత దవాఖాన. ఇందులో చేత్తో నొక్కవలసినది ఏదీ లేదు" అని నల్లబండ కాలనీ దవాఖాన ముందున్న శిలాఫలకం మీద బంగారు రంగు అక్షరాలతో చెక్కి ఉంటుంది. గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ వైపు బస్సులో పోయేవాళ్ళకు కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు. కంపెనీ ఆటోమేషన్ డీజీఎం అచ్యుతరావు గారు స్వయంగా రాసిన వాక్యం అది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

ఎలక్ట్రీషియన్ ఎల్లేశానికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. గోడల్లోంచి స్విచ్చు బోర్డులు పీకింది అతనే. కన్నాలకు సిమెంటు మెత్తి, సున్నం కొట్టించింది కూడా అతనే. వాటి స్థానంలో కింది అంతస్తు ప్యానెల్ గదిలో టిఫిన్ డబ్బా అంత కంట్రోలర్ ఒకటి వచ్చింది. ఏ లైటు ఎప్పుడు వెలగాలో, ఏ ఏసీ ఎప్పుడు ఆగాలో ఆ డబ్బా చూసుకుంటుంది. డబ్బాకు చెప్పాల్సింది అచ్యుతరావు గారి కంప్యూటర్ చెబుతుంది. ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ అచ్యుతరావు గారికి ఒక్కరికే తెలుసు. ఈ ఏర్పాటుకు రాజధానిలో అవార్డు కూడా వచ్చింది.

చిన్న ఇబ్బంది ఒకటే. ఆ డబ్బాకు ఎనిమిది పాయింట్లే ఉన్నాయి. అంటే ఎనిమిది వైర్లు బిగించుకోవచ్చు, ఎనిమిది పనులు చేయించుకోవచ్చు. తొమ్మిదో పని దానికి చేతకాదు.

కంపెనీలో క్వార్టరైనా, కూలరైనా, చివరికి దీపావళి మిఠాయి డబ్బా అయినా గ్రేడు ప్రకారమే ఇస్తారు. పాయింట్లూ అలాగే ఇచ్చారు. క్వార్టర్లు పంచే కమిటీయే కూర్చుని, సీనియారిటీ జాబితా ముందు పెట్టుకుని, సూపరింటెండెంటు ఏసీ నుంచి మొదలుపెట్టి చాలా న్యాయంగా పంచింది. వార్డులన్నింటి లైట్లకూ కలిపి చివరి పాయింటు దక్కింది. ప్రసవ వార్డు ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి పాయింట్లు అయిపోయాయి. కాన్పుకు వచ్చే ఆడవాళ్ళకు గ్రేడు ఉండదు కదా, కమిటీని తప్పుపట్టడానికి లేదు.

అలా ప్రసవ వార్డులో పన్నెండు ఫ్యాన్లు రెండేళ్ళుగా ఆగిపోయి ఉన్నాయి. వాటి వైరు ప్యానెల్ గది దాకా వచ్చి, కొసకు టేపు చుట్టుకుని వేలాడుతోంది. తల్లులు పాత ఎక్స్‌రే ఫిల్ములతో విసురుకునేవారు. ఊపిరితిత్తులున్న ఫిల్ముకంటే నడుమున్న ఫిల్ముకు గాలి ఎక్కువ వస్తుందని వార్డు ఆయా ఐలవ్వ తేల్చి చెప్పింది.

2012 మే నెలలో ఎల్లేశం కూతురు సంధ్యారాణి తొలి కాన్పుకు ఆ వార్డులోనే చేరింది. బయట నలభై ఏడు డిగ్రీలు. బొగ్గు గుట్టల మీంచి వచ్చే గాలి ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మొదటి రోజే ఆమె రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది.

"ఎల్లేశమన్నా, ఈ ఉడుకుల బీపీ ఆగుత లేదు. గాలి ఆడకపోతే పెద్ద పాణానికే ఫికర్" అంది నర్సు రాజకుమారి.

ఎల్లేశం ఒక్క పరుగున దవాఖాన పై అంతస్తులో ఉన్న డీజీఎం గదికి వెళ్ళాడు. గది చల్లగా ఉంది. అది మూడో పాయింటు.

"సార్, మీ కాళ్ళు మొక్కుత. కిరాణ దుకాణంల దొరికే స్విచ్చు ఒక్కటి పెడ్త. బిడ్డ కాన్పు కాంగనే పీకేస్త."

అచ్యుతరావు గారు జాలిగా చూశారు. "ఒక్క స్విచ్చు కనిపించినా అవార్డు వెనక్కి పోతుందయ్యా. నీకు విజన్ లేదు, ఎల్లేశం."

"పోనీ స్విచ్చు లేకుంట వైరు సక్కగ మెయిన్‌కు కలుపుత సార్."

"కిందటేడు కలిపావుగా?"

కలిపాడు. దానికి ఛార్జిషీటు కూడా అందుకున్నాడు. 'అనుమతి లేకుండా ఇరవై నిమిషాల పాటు గాలి వీయించినందుకు' అని అందులో ఉంది. ఇంకో ఛార్జిషీటు వస్తే సస్పెన్షనే.

"అయినా నీకు దిగులెందుకు? వార్డు కోసమేగా ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్ తెప్పించాం! డబ్బా పక్కన బిగిస్తే ఇంకో ఎనిమిది పాయింట్లు."

"అది ఫిబ్రవరిలనే వచ్చింది కద సార్."

"వచ్చింది. బీరువాలో ఉంది. ఎల్లుండి మంత్రిగారు ప్రారంభిస్తారు."

మంత్రిగారంటే భవనాల ఆధునికీకరణ శాఖ మంత్రిగారు. ఎంత తీరిక లేని మనిషంటే, రాజీనామా చేయమని జిల్లా అంతా ఏడాదిగా అడుగుతున్నా ఆయనకు సంతకం పెట్టే వీలు చిక్కలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మంచి కాక మీద ఉంది. ఆయన ఏ ఊరు వెళ్ళినా నల్ల జెండాలు ఎదురొస్తున్నాయి. అందుకని ప్రసంగాన్ని నాలుగు నిమిషాలకు కుదించుకుని, కారు ఇంజను ఆపకుండా మాట్లాడే పద్ధతి ఆయన అలవరచుకున్నారు.

మాడ్యూల్‌కు మర్నాడు పసుపు, కుంకుమ పెట్టి ఎల్లేశం చేతికిచ్చారు. ప్యానెల్‌కు కరెంటు ఆపి, డబ్బా పక్కన పట్టీ మీద దాన్ని టక్కున కూర్చోబెట్టాడు. కరెంటుకు రెండు వైర్లు, రెండు డబ్బాలూ మాట్లాడుకోవడానికి సన్నటి వైర్లు రెండు బిగించాడు. పాత డబ్బా నంబరు ఒకటి కాబట్టి దీనికి రెండు పెట్టాడు. ఎర్ర దీపం కాసేపు ఆలోచించి పచ్చబడింది. ఎల్లేశానికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు కమిటీ జాబితా వచ్చింది. మొదటి పాయింటు ఫౌంటెన్‌కు. రెండోది బోర్డు చుట్టూ రంగు బల్బులకు. మూడోది మంత్రిగారు కూర్చునే వీఐపీ గది ఏసీకి, నాలుగోది ఆ గది స్నానాలగదిలో వేడినీళ్ళకు. తక్కిన వాటిలో అచ్యుతరావు గారి రెండో ఏసీ కూడా ఉంది.

"వార్డుదేది సార్?"

"ఎనిమిదోది ఖాళీగా ఉందిగా."

"మరి కలపమంటరా సార్?"

"తొందరపడకు. అది రిజర్వు. మంత్రిగారు ఏదైనా వరం ప్రకటిస్తే పాయింటు ఎక్కడినుంచి తేను?"

అచ్యుతరావు గారు ఆఖరి సూచనలు ఇచ్చారు. మంత్రిగారు గేటు లోపల ఉన్నంతసేపూ వీఐపీ గది చల్లగా ఉండాలి, గేటు దాటిన మరుక్షణం ఆగిపోవాలి. పొదుపులో ఆయన చాలా నిక్కచ్చి. ఇంకో చిక్కు కూడా ఆయనే విప్పారు. ప్రారంభించాలంటే మంత్రిగారు ఏదో ఒకటి నొక్కాలి. భవనంలో నొక్కడానికి ఏమీ లేదు. అందుకని ఒక స్టాండుకు పెద్ద ఎర్ర బటను బిగించి, రిబ్బను కట్టారు.

"దీనికి వైరు సార్?"

"ఎందుకు? నొక్కితే చాలు."

ఆ సాయంత్రం ఎల్లేశం ప్యానెల్ గదిలో తలుపు వేసుకున్నాడు. తర్వాత వార్డు ఫ్యాన్ల వైరు కొసకున్న టేపు ఊడదీశాడు. మంత్రిగారి ఏసీ ఆపే ధైర్యం ఎవరికీ ఉండదని, కొత్త డబ్బా మూడో పాయింటు కింద వీఐపీ ఏసీ వైరు పక్కనే దాన్ని కూడా బిగించాడు. ఏసీ ఆడితే ఫ్యాన్లూ తిరుగుతాయి. ఏసీ ఆగితే అవీ ఆగుతాయి. ఇక మంత్రిగారు గేటు దాటి పోకూడదని మొక్కుకోవాలని ఆ స్క్రూ బిగించాక అతనికి తెలిసొచ్చింది.

తెల్లారి సంధ్యారాణికి నొప్పులు మొదలయ్యాయి. పదకొండు కావస్తుండగా ఆమె మొగుడు వేణుమాధవ్ గేటు దగ్గర కనిపించాడు. గనిలో కోల్‌కట్టర్ అతను, ఉద్యమంలో ముందు వరస మనిషి. చంకలో నల్ల గుడ్డల మూట ఉంది.

"వేణూ, ఇయ్యాల జెండాలు లేపకు బిడ్డా."

"ఏంది మామా, గట్లంటవ్? నువ్వు గూడ వాళ్ళ దిక్కు తిరిగినవా?"

ఎల్లేశం అల్లుడి చెవిలో వైరు సంగతి చెప్పాడు. వేణుమాధవ్ మూటను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు. "అంటే ఆయన ఉన్నంతసేపే గాలా?"

"గంతే."

"కాన్పుకెంత సేపు పడ్తదట?"

"తొలుసూరాయె. ఇంకో గంట, గంటన్నర అంటున్నది సిస్టరు."

"అయ్యో, ఆయన నాలుగు నిమిషాలకే ఉరుకుతడు మామా!" అని వేణుమాధవ్ తల పట్టుకున్నాడు. ఉద్యమంలో ఎన్నడూ అతనికి ఇంత కష్టం రాలేదు.

పదకొండు గంటలకు మంత్రిగారు గేటు దాటి లోపలికి వచ్చారు. వార్డులో పన్నెండు ఫ్యాన్లు ఒక్కసారే తిరిగాయి. "అవ్వో, గాలొచ్చింది!" అని ఐలవ్వ వేసిన కేక పోర్టికో దాకా వినిపించింది. తనకే స్వాగతం చెబుతున్నారనుకుని మంత్రిగారు చేయి ఊపారు. ఎర్ర బటను నొక్కారు. ఫౌంటెన్ లేచింది. అచ్యుతరావు గారు పాస్‌వర్డ్ కొట్టి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన కుర్రాడు కిటికీలోంచి చూసి సమయానికి లేపాడు.

"సోదర సోదరీమణులారా! ఒకప్పుడు మనిషి నిప్పు కనిపెట్టాడు. ఇప్పుడు మనం మాడ్యూల్ పెట్టాం" అని మంత్రిగారు మొదలుపెట్టారు. మూడున్నర నిమిషాలకు గేటు వైపు ఒకసారి చూసి, "ఇంతటితో సెలవు తీసుకుంటున్నాను" అన్నారు.

"సెలవొద్దు! ఇంకా మాట్లాడుండ్రి సార్!"

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. పిలిచింది వేణుమాధవ్. అతని వెనకాల నల్ల జెండాల వాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు. ఆయన పోతే గాలీ పోతుందని వేణుమాధవ్ నోట విన్న తల్లులు ప్రసవ వార్డు కిటికీల్లో చేతులు జోడించి నిలబడ్డారు.

"పోకు బిడ్డా, నీకు దండం బెడ్త. జరసేపు ఆగు" అని ఐలవ్వ వేడుకుంది.

ఇరవై రెండేళ్ళ రాజకీయ జీవితంలో ఇంకా మాట్లాడమని మంత్రిగారిని ఎవరూ అడగలేదు, ఇంట్లోవాళ్ళతో సహా. ఆయన కళ్ళజోడు తుడుచుకుని తన బాల్యం నుంచి మొదలుపెట్టారు. ఆగబోయినప్పుడల్లా వార్డు గోలపెట్టింది. చదువు అయింది, తొలి ఎన్నికా అయింది, ఓడిపోయిన రెండో ఎన్నికలో ఎవరు వెన్నుపోటు పొడిచారో కూడా పేర్లతో సహా చెప్పేశారు. పీఏ చొక్కా లాగుతుంటే చేయి విదిలించుకున్నారు. గంటా పది నిమిషాలకు ఆయన దగ్గర చెప్పడానికి సంగతులు అయిపోయాయి.

"ఎత్తిపోతల పథకం గురించి చెప్పుండ్రి సార్!" అని వేణుమాధవ్ చెమటలు కక్కుతూ అరిచాడు. దాంతో ఇంకో పదిహేను నిమిషాలు గడిచాయి.

అప్పుడు లోపలి నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. రాజకుమారి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆడపిల్ల! ఇద్దరూ సల్లగున్నరు" అంది. ఎల్లేశం ప్యానెల్ గది గుమ్మంలోనే కూలబడి భోరుమన్నాడు. వేణుమాధవ్ నల్ల గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

"నా ప్రసంగంలోనే పుట్టింది" అన్నారు మంత్రిగారు మెల్లగా. అచ్యుతరావు గారు అవునన్నారు. "డీజీఎం గారూ, ఈ తల్లులు నన్ను విడిచి ఉండలేరు. రోజూ రావడం నాకు కుదరదు. ఈ వార్డులో నా ఫొటో పెట్టించండి. దాని మీద లైటు రాత్రింబవళ్ళు వెలగాలి. పాయింటు ఉందా?"

"మీ కోసమే ఒకటి ఆపాను సార్."

కారు గేటు దాటింది. ఫ్యాన్లు ఆగాయి. కిటికీల్లోంచి "మళ్లెప్పుడొస్తడట?" అని అడగడం పత్రికల వాళ్ళు రాసుకున్నారు.

రెండో రోజుకే ఫొటో వచ్చింది, మనిషి నిలువెత్తు. అచ్యుతరావు గారు ఎల్లేశాన్ని పిలిపించారు. "ఎనిమిదో పాయింటుకు కలుపు. రాత్రింబవళ్ళు వెలగాలి. ఒక్క నిమిషం ఆరినా ఛార్జిషీటే."

"ఒక్క నిమిషం గూడ ఆపొద్దా సార్?"

"ఆపకూడదు. ఆపితే మంత్రిగారిని ఆర్పినట్టే."

"జర గా మాట రాసియ్యుండ్రి సార్."

'ఎనిమిదో పాయింటు ఒక్క నిమిషం కూడా ఆపరాదు' అని అచ్యుతరావు గారు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు.

మర్నాడు ఆయన వార్డు గుమ్మంలో నిలబడి మంత్రిగారికి ఫోను చేశారు.

"లైటు వెలుగుతోంది సార్. తల్లులందరూ దండాలు పెడుతున్నారు."

"ఫొటో తల ఎత్తున పెట్టారా?"

"పెట్టించాం సార్. కాకపోతే దండం కొంచెం పైకి పెడుతున్నారు."

"పైకా? పైన ఏముంది?"

అచ్యుతరావు గారు తలెత్తి చూశారు. ఆయన జుట్టు ఎగురుతోంది. మంచం పక్కన మనవరాలిని ఎత్తుకుని ఎల్లేశం నిలబడి ఉన్నాడు. అతని జేబులోంచి తన సంతకం ఉన్న కాగితం కొస కనిపిస్తోంది.

"ఏమీ లేదు సార్" అన్నారు అచ్యుతరావు గారు. "అభిమానం."