ఓబులేసును మిద్దె దించిన వైనం

బుధవారం పొద్దున పదిన్నరకు, మంటలు లేకుండానే ఆఫీసును మంటల్లోంచి కాపాడాలని హెడ్ గుమాస్తా వెంకటేశ్వర్లు ముహూర్తం పెట్టాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఎక్కడో ఒక గుడారం ఆఫీసు తగలబడిందట. అప్పటినుంచి మిద్దెల మీది ఆఫీసుల వాళ్లంతా, ప్రమాదం వస్తే ఎలా దిగుతారో రాసి, దిగి చూపించాలని పైనుంచి ఉత్తరువు. నడవలేనివాళ్లను ఐదు నిమిషాల్లో దించలేకపోతే మెట్లు లేని ఆఫీసుకు బదిలీ చేయాలని కూడా అందులో ఉంది.

నడవలేనివాడు రికార్డు రూము ఓబులేసు ఒక్కడే. చిన్నప్పుడే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. బదిలీ అంటే మెట్లు లేని బేతంచెర్ల ఆఫీసుకే. భార్య రామసుబ్బమ్మకు కర్నూలు బడిలో పంతులమ్మ పని ఆ నెలలోనే దొరికింది. తానక్కడ, ఆమె ఇక్కడ అనుకుంటేనే ఓబులేసుకు దిగులు పుట్టేది.

"సార్, నేను దినామూ మెట్ల మీద కూసోని జారుకుంటా దిగుతాండా. నిమిషం పట్టదు," అన్నాడు.

"నువ్వు మాట్లాడొద్దప్పా. నువ్వు కాపాడబడేవాడివి. కాపాడేది మేము," అన్నాడు వెంకటేశ్వర్లు. నాలుగు పేజీల పథకం రాసినవాడికి ఇంత చిన్న మాట ఎలా రుచిస్తుంది? "పొగ మింగి సోయ తప్పినట్ల పండుకో. నేనొచ్చి పేరు పెట్టి పిలిచేదాకా కదిలినావో, నోరు తెరిచినావో, బేతంచెర్లకు పోతావు."

ఓబులేసు నోరు కుట్టేసుకున్నాడు.

పథకంలో ప్రతిదానికీ కారణం ఉంది. మెట్లు ఇరుకు కాబట్టి నులక మంచం. పడిపోకుండా తాళ్లతో కట్టడం. వేడి తగలకుండా తల నుంచి పాదాల దాకా తడిపిన తెల్లదుప్పటి. నలుగురు బంట్రోతులు భుజాల మీద మోయడం. జనం తప్పుకోవడానికి ముందు ఇంకో బంట్రోతు దాసన్న గంట కొట్టుకుంటూ నడవడం. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టలేం. అన్నీ కలిసి వీధిలోకి వస్తే ఎలా కనిపిస్తాయో మాత్రం ఆయన రాయలేదు.

ఇదంతా చూడడానికి పైనుంచి వచ్చిన తనిఖీ అధికారి గడియారం పట్టుకుని మిద్దె మీద నిలబడ్డాడు. మంచం మెట్లు దిగింది. ఎదురుగా బొరుగులమ్మే సుంకమ్మ గబుక్కున లేచింది.

"అయ్యో! ఎవురప్పా?"

"రికార్డు రూము ఓబులేసు," అన్నాడు దాసన్న రొప్పుతూ.

"శానా మంచోడు కదప్పా!" అంటూ ఆమె దోసెడు బొరుగులు మంచం మీద చల్లింది.

దుప్పటి కింద ఓబులేసుకు ఏమీ అర్థం కాలేదు. వాన పడుతోందా? ఇది కూడా పథకంలో ఉందా?

భుజం పడితే పుణ్యమని దారిన పోయేవాళ్లు పరుగున వచ్చి మంచం అందుకున్నారు. బంట్రోతులు బరువు తప్పిందే చాలనుకున్నారు. పథకం ప్రకారం చేరాల్సింది ఎదుటి మైదానానికి. కొత్తగా మోస్తున్నవాళ్లకు తెలిసింది తుంగభద్ర ఒడ్డు. ఎక్కడినుంచో తప్పెట కూడా వచ్చి కలిసింది. మైదానం ఇంత దూరమా, అధికారి దారి పెంచాడా అని ఓబులేసు తికమకపడ్డాడు. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాటను, రామసుబ్బమ్మ గుర్తుకొచ్చి మింగేశాడు.

మైదానంలో కాచుకున్న వెంకటేశ్వర్లు, మంచం ఇంకో దారి పట్టడం చూసి వెంటపడ్డాడు. "యాడికప్పా! నిలపండప్పా! వాడు మావాడప్పా!"

ఇద్దరు ఆయన్ను చెరో రెక్కా పట్టుకున్నారు. "అన్నవా సామీ? ఓర్చుకోవల్ల."

"వాడు సావలేదప్పా!"

"నిజమే సామీ. మంచోళ్లు యాడ సస్తారు?" అని ఓదారుస్తూ నడిపించుకుపోయారు.

శ్మశానం నాలుగడుగులుందనగా మంచం దించారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలుందేమోనని చెవిలో మూడుసార్లు పేరు పిలిచే చోటు అది. "పిలువు సామీ, నీ తమ్ముని," అని వెంకటేశ్వర్లును ముందుకు తోశారు.

"ఓరేయ్ ఓబులేసూ!" అన్నాడు ఆయన ఏడుపుగొంతుతో.

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. "వచ్చినారా సార్! టయానికే వచ్చినామా?" అని దుప్పటి కింద నుంచి గట్టిగా అరిచాడు.

మరుక్షణం తప్పెట ఒకవైపు, తలగుడ్డలు ఒకవైపు ఎగిరాయి. జనమంతా కాళ్లకు బుద్ధి చెప్పారు. ఆ తోపులాటలో వెంకటేశ్వర్లు గుంతలో పడ్డాడు. చీలమండ విరిగింది.

జట్కాలో వెతుక్కుంటూ వచ్చిన అధికారి కట్లు విప్పించి, "అసలు నువ్వు రోజూ ఎట్ల దిగుతావయ్యా?" అని అడిగాడు. ఆ మాట తననెవరైనా అడగడం అదే మొదలు. ఓబులేసు అదే జట్కాలో తిరిగి ఆఫీసుకు పోయి, మెట్ల మీద కూర్చుని జారుతూ దిగి చూపించాడు. గడియారంలో యాభై సెకన్లు.

బదిలీ రద్దయింది. కాలికి కట్టుతో ఉన్న వెంకటేశ్వర్లుకు మాత్రం ఐదు నిమిషాల్లో మూడు మెట్లు దిగడం కూడా గగనమైంది. ఉత్తరువు ఉత్తరువే కాబట్టి ఆయన్ను బేతంచెర్లకు పంపారు. ఓబులేసు నిజంగానే అయ్యో అనుకున్నాడు. ఇంటికి పోయి రామసుబ్బమ్మతో కలిసి కడుపుబ్బ నవ్వాడు, అది వేరే సంగతి.

కొత్త పథకం రాసే పని ఓబులేసు మీదే పడింది. "దించవలసినవారిని ముందుగా అడగవలెను" అని ఒక్క వాక్యం రాసి పంపాడు. మరీ పొట్టిగా ఉన్నదని పైవాళ్లు దాన్ని తిప్పి పంపారు.