పన్నెండు ముడుల ఓక్ పలక

ఆ ఉదయం లేర్కా వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు త్రియెస్తే నగరం నుంచి ఫర్నిచర్ వ్యాపారి రుజేరో వస్తాడు, కొత్త యంత్రం చూస్తాడు, ఏడాదికి సరిపడా ఓక్ చెక్కకు ఆర్డరిస్తాడు. ఇవ్వకపోతే వింకోవ్‌ట్సి ఊరి దగ్గరున్న ఆమె సామిల్లు ఈ శీతాకాలంతో మూతపడుతుంది.

అయినా ఆమె మొహం వెలిగిపోతోంది. యంత్రం అలాంటిది మరి! పలక బెల్టు మీద కదులుతుంటే కెమెరాలు ముడులు, పగుళ్లు, పురుగు రంధ్రాలు పట్టేస్తాయి. రంపం ఆ భాగాలను కోసి చెత్తలో పడేస్తుంది.

ముప్పై ఏళ్లుగా ఆ ముడులకు సుద్దముక్కతో గుర్తులు పెట్టిన గ్రగోకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

"నా వేళ్ళకు తెలిసింది ఈ గాజుకళ్ళకు తెలుస్తుందా అమ్మా?"

"అలక తర్వాత, బాబాయ్! ముందు అతిథికి తినడానికేమైనా చూడు."

వాళ్ళ స్లవోనియా ప్రాంతంలో అతిథికి కూలెన్ పెట్టకపోతే గుమ్మంలోంచే పొమ్మన్నట్టు. గ్రగో శుభ్రమైన ఓక్ పలక తెచ్చి, ఇంట్లో పొగబెట్టిన ఆ ఎర్రటి కారపు మాంసాన్ని బిళ్ళలుగా కోసి, పన్నెండు వరసగా పేర్చాడు. ఆ పలకను రోజూ అందరూ తినే బల్ల ఉండే చోట పెట్టి రొట్టె కోసం వెళ్ళాడు. ఆ బల్ల తీసేసి అక్కడ బెల్టు బిగించి వారమైంది గానీ, ఆయన చేతులకు ఇంకా ఆ సంగతి తెలియదు.

రుజేరో అరగంట ముందే దిగాడు. లేర్కా ఉత్సాహం పట్టలేకపోయింది. "ఇంకా చూస్తావేం తిహానా, నొక్కు!"

ఇంజనీరు తిహానా మీట నొక్కింది. అందరి చూపూ కంప్యూటరు తెర మీదే. ఒకే పలకలో పన్నెండు ముడులు!

"ఇంత వరసగానా?" అన్నాడు రుజేరో.

"మా అడవిలో చెట్లకు క్రమశిక్షణ ఎక్కువండీ," అంది లేర్కా, తెలియకపోయినా తడబడకుండా.

రంపం పన్నెండింటినీ కోసి అవతల పడేసింది. కానీ కొవ్వు, కారం బెల్టుకు అంటుకున్నాయి. తర్వాతి పలకకు ఎర్ర మచ్చలు, దాని తర్వాతి దానికి ఇంకా ఎక్కువ. యంత్రం ఒక్క మచ్చనూ క్షమించలేదు. మిల్లులోకెల్లా మేలైన పలకలు క్షణాల్లో పొయ్యిలోకి తప్ప పనికిరాని పుల్లలయ్యాయి.

"అక్కా, మన చెక్కకు తట్టు పోసిందే!" అని తిహానా అరిచి, యంత్రం ఆపింది.

రొట్టెతో వచ్చిన గ్రగో చెత్తతొట్టెలోకి చూసి గుండెలు బాదుకున్నాడు. "అవి ముడులు కావమ్మా! నా కూలెన్!"

మిల్లులో పనిచేసే ఇరవైమంది బతుకూ ఆ తొట్టెలో పడిందనుకుని లేర్కాకు ఏడుపొచ్చింది.

రుజేరో వంగి తొట్టెను, పుల్లలను చాలాసేపు చూశాడు. తర్వాత కలం తీశాడు.

"పోయినసారి కొన్నచోట యంత్రం పురుగు రంధ్రాలు కూడా వదిలేసింది. నా బల్లలన్నీ తిరిగొచ్చాయి. మీది భోజనాన్నే వదల్లేదు. బెల్టు కడిగించండి, ఏడాది సరుకు నాదే."

గ్రగో, లేర్కా, తిహానా ఒకరినొకరు కౌగిలించుకుని గంతులేశారు. ఆ సందడిలోనే రుజేరో సంతకం పెట్టి, రైలుకు వేళయిందని పరుగెత్తాడు.

మిల్లు నిలబడింది గానీ, అతిథిని ఖాళీ కడుపుతో పంపిందని ఊళ్ళో లేర్కా ఇప్పటికీ మాట పడుతూనే ఉంది.