ఎదిగే పిల్లలకి రెండంగుళాలు

ఆ శనివారం పొద్దున్న జగన్నాధం పెట్టుకున్న పని చాలా చిన్నది. హైస్కూలు పిల్లల యూనిఫారం కొలతల జాబితా రాయడం, గజపతినగరం వెళ్ళి దర్జీ గంగులు చేతిలో పెట్టడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఓ కునుకు తీయడం. తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ అయినప్పటినుంచి ఆయన కునుకుని కూడా కార్యక్రమంలో చేర్చుకుంటున్నాడు.

ఆ పదవి ఆయన నోరు తెచ్చిపెట్టినదే. నిరుడు చొక్కాలు పొట్టివై, చేతులెత్తితే పిల్లల బొడ్లు కనపడ్డాయి. సమావేశంలో లేచి, కొలత ప్రకారం కుట్టించడం కూడా ఓ బ్రహ్మవిద్యా అని అరగంట దులిపేశాడు. హెడ్మిస్ట్రెస్ జగదీశ్వరి అంతా ఓపిగ్గా విని, అయితే ఈ ఏడు మీరే చూడండి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, ఒక్క చొక్కా తేడా వచ్చినా కుర్చీ దిగిపోతానని కూడా అనేశాడు. అనమని ఎవరూ అడగలేదు.

పద్ధతి మాత్రం పకడ్బందీగానే పెట్టారు. తల్లులు ఇంట్లో కొలిచి కాగితం మీద రాసి పంపుతారు. జగదీశ్వరి వాటిని రిజిస్టరులోకి ఎక్కిస్తుంది. అందులోంచి చైర్మన్ దర్జీకి జాబితా తీస్తాడు. ఇల్లూ బడీ ఇలా చేతులు కలిపాక పొరపాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

జాబితా రాస్తూ రాస్తూ జగన్నాధం ఆగాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న తన కూతురు సుహాసిని ఆనపపాదులా ఎదుగుతోంది. నిరుటి బొడ్లు కళ్ళముందు ఆడాయి. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, ప్రతి కొలతకీ రెండంగుళాలు కలిపాడు. తెలివైనవాడు చెప్పుకు తిరగడు కదా అనుకుని, ఆ తెలివికి తనని తనే మెచ్చుకుని ఇంకో టీ తాగాడు.

నెల తిరిగింది. సోమవారం పదింటికి వస్తాననీ, కుట్టించిన ప్రతి జతా ఒంటిమీద చూడాలనీ జిల్లా అధికారి కబురు పెట్టారు. దర్జీలకి అలవాటైన పద్ధతిలో గంగులు ఆ సోమవారం ఎనిమిదింటికి గానీ మూటలు దింపలేదు. జగన్నాధం పొందూరు ఖద్దరు పంచె కట్టి, లాల్చీ తొడిగి దర్జాగా గేటు దగ్గర నిలబడ్డాడు.

ఎనిమిదిన్నరకి చూస్తే ఆవరణలో పిల్లలు లేరు, బట్టలు నడుస్తున్నాయి. చేతులు చొక్కాల్లో ఎక్కడో ఉన్నాయి, ప్యాంట్లు నేల ఊడుస్తున్నాయి. స్వాగతగీతం పాడవలసిన సుహాసిని చుడీదారుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని వచ్చింది.

"నాన్నా, దీన్లో నువ్వూ నేనూ ఇద్దరం పడతాం. ఇదేసుకుని నేను పాడను."

కుర్చీ పోతే పోయింది గానీ, పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి జగన్నాధానికి ప్రాణం ఉసూరుమంది. ఆ బాధనంతా కోపం చేసి గంగులు మీద పడ్డాడు.

గంగులు చలించలేదు. "నాను రెండంగుళాలే వదిలినాను బాబూ. ఎదిగే పిల్లలకి వదలకపోతే మళ్ళీ మీరే తిడతారు."

జగన్నాధం మనసులో కూడుకున్నాడు. తనవి రెండు, గంగులువి రెండు. చూడబోతే ఎనిమిదికి తక్కువ లేవు. మిగతా నాలుగూ ఎక్కడివని జగదీశ్వరి చేతిలోని రిజిస్టరు వైపు తిరిగాడు. జగదీశ్వరి రిజిస్టరు మూసేసి, నిరుటి మాటలు పడ్డాక భయమేసి తానూ రెండేసి కలిపానని నేల చూస్తూ ఒప్పుకుంది. వేడుక చూడ్డానికొచ్చిన తల్లుల్లోంచి జగన్నాధం భార్య ధనలక్ష్మి ముందుకొచ్చింది.

"ఊళ్ళో ఏ తల్లి ఒంటికి సరిగ్గా కొలిచి రాస్తాదయ్యా? అందరం రెండేసి ఎక్కువే రాసినాం. మరి నువ్వెంత కలిపినావు?"

జగన్నాధం గడియారం వైపు చూశాడు. తొమ్మిదయింది. కూతురన్న మాట అప్పుడు బుర్రలో వెలిగింది. ఆరో తరగతి బట్టలు తొమ్మిదో తరగతికి, ఏడోవి పదో తరగతికి పంపించాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల బట్టలు మిగిలాయి. అవీ ఒంటిమీద కనపడాలి కాబట్టి మేష్టార్లూ పంతులమ్మలూ తల్లులూ తండ్రులూ వేసుకున్నారు. పెళ్ళయ్యాక మళ్ళీ చుడీదారు ఎక్కించిన ధనలక్ష్మి మొగుణ్ణి ఒక్క చూపు చూసింది. ఆ చూపు ఆయనకి వారం రోజులు సరిపోయింది. బట్టలు దక్కని చిన్న తరగతుల్ని ఆటల పేరుతో వెనక మైదానానికి తోలేశారు. పదో తరగతిలో అందరికన్నా లావైన కుర్రాడి చొక్కా చైర్మన్‌కి బొజ్జతో సహా పట్టింది. పొందూరు ఖద్దరు బీరువాలోకి పోయింది.

పదింటికి అధికారి వచ్చారు. ముందు వరసల్లో పిల్లలు, వెనక వరసల్లో నెరిసిన తలలు, అందరూ ఒకే గళ్ళ యూనిఫారంలో. ఆయన ఒక్కో వరసా తేరిపార చూశారు. ఇక దాచి లాభం లేదని జగన్నాధం ప్యాంటు సర్దుకుంటూ ముందుకెళ్ళాడు.

"అయ్యా, తప్పంతా నాదే. కుర్చీ దిగిపోతన్నాను."

అధికారి ఆయన భుజం పట్టుకున్నారు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "తల్లిదండ్రులు బడితో కలిసి రావాలని పదేళ్ళుగా మొత్తుకుంటున్నానండీ. ఇంతగా కలిసి వచ్చినవాళ్ళని ఇవాళే చూశాను. మీరు దిగడమేమిటి?"

సుహాసిని ఒంటికి సరిగ్గా సరిపోయిన చుడీదారులో గొంతెత్తి పాడింది. అది చూస్తూ జగన్నాధం నిజం సగంలోనే మింగేశాడు. పాట అయ్యాక అధికారి రెండు ఉత్తర్వులు చెప్పారు. ఇకమీదట ఈ బడిలో కమిటీ సమావేశానికి పెద్దలంతా యూనిఫారంలోనే రావాలి. మండలంలో అన్ని బడుల కొలతలూ జగన్నాధమే చూడాలి.

వారం తిరిగేసరికి గంగులు పిల్లల బట్టలన్నిటి కుట్లూ విప్పి, లోపలికి మడిచి కుట్టాడు. తర్వాత పెద్దల వంతు వచ్చింది. ముందుగా చైర్మన్‌ని నిలబెట్టి, బొజ్జ చుట్టూ టేపు తిప్పి, ఎంత వదలమంటారని అడిగాడు.

జగన్నాధం అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, నాలుగంగుళాలు వదలమన్నాడు.