పొడిని చంపిందెవరు?

ఆ పొద్దున ప్రయోగశాల పెద్దాయన పథకం ఒక్కటే. నాలుగింటికి పై అధికారిణి వచ్చేలోగా, కుళ్ళిన పండ్ల నుంచి తీసిన పుల్లటి ఆమ్లాన్ని లోహపు పొడి నింపిన గొట్టంలోంచి పంపి, అవతలి కొసన ఇంధనం పట్టాలి. దానితో దీపం వెలిగిందా, ప్రయోగశాల నిలుస్తుంది. వెలగలేదా, తలుపులకు తాళం. ఆయన పోయి మామగారి సబ్బుల కంపెనీలో మామగారి కిందే పనిచేయాలి. అంతకంటే ఆ ఆమ్లం తాగడం నయమని ఆయన నమ్మకం. అసలే ముక్కు మీద కోపం. సిబ్బంది చాటుగా సీమటపాకాయ్ అంటారు.

ఎవరినీ నమ్మక, ఏడింటికే వచ్చి పొడి తనే దట్టించాడు. తొమ్మిదింటికి గొట్టం వేడెక్కింది, చుక్కలు పడ్డాయి. వాసన చూశాడు. పుల్లగా వెళ్ళింది పుల్లగానే వచ్చింది.

"గంధకం! గంధకం తగిలి పొడి చచ్చింది! ఇక్కడికి ఉడికిన గుడ్డు తెచ్చిందెవడు?"

"నేనే సార్," అన్నాడు గొట్టాలు బిగించే మేస్త్రీ. "ఇంకా పెంకైనా తియ్యలేదు."

"గుడ్డు నిండా గంధకమేనయ్యా! బయటికి నడువు!"

తర్వాత చుక్కలు పరీక్షించే అమ్మాయి దగ్గర ముక్కు ఎగబీల్చాడు. "నీ చేతికి ఉల్లిపాయ వాసనేంటి?"

"మా అమ్మకి తరిగిచ్చానండీ."

"ఉల్లిలోనూ గంధకమే! నువ్వూ బయటికి! మీ అమ్మ కూడా!"

"మా అమ్మ ఇంట్లోనే ఉందండీ."

"అయితే అక్కడే ఉండమను!"

కాపలాదారు జేబులో అగ్గిపెట్టె కనిపించింది. "అగ్గిపుల్లలోనూ గంధకమే! బయటికి!"

"నేను బయటే ఉన్నా కదా సార్?"

"ఇంకా బయటికి!"

అప్పుడు ఫోను మోగింది. భార్య. అరవడానికి వీలుగా స్పీకరు నొక్కాడు.

"ఏవండీ, గజ్జి మందు మూత తీసి అలాగే పోయారేంటి? ఇల్లంతా గంధకం కంపు! మోచేతుల దాకా పట్టించారు కదా, చేతులు కడుక్కున్నారా లేదా?"

కిటికీ తెరిచే ఉంది. గేటు దగ్గర ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతి తొడుగులు వేసుకుంటే పొడి సరిగ్గా దట్టించలేమని నిన్ననే ఉపన్యాసం ఇచ్చిన పెద్దాయన తన వట్టి చేతులు చూసుకున్నాడు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక కుర్చీని తన్నాడు. కాలివేలు వాచింది.

కుంటుకుంటూ గేటు దాకా వచ్చి, "ఇక చాల్లే, లోపలికి ఏడవండి. కొత్త పొడి ఎక్కించాలి," అన్నాడు.

మేస్త్రీ గుడ్డు పెంకు తీస్తూ అన్నాడు. "ఎక్కిస్తాం సార్. ముందు గంధకం బయటికి పోవాలి కదా మరి."

పెద్దాయన పళ్ళు పటపటలాడాయి. కళ్ళ ముందు సబ్బులు, సబ్బుల వెనక మామగారు కనిపించారు. గేటు దాటాడు.

"ఇంకా బయటికి సార్," అన్నాడు కాపలాదారు.

మేస్త్రీ మూడుసార్లు చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని పొడి దట్టించాడు. నాలుగింటికి దీపం నిక్షేపంగా వెలిగింది. అధికారిణి సంతకం పెట్టి, కిటికీలోంచి చూసింది. రోడ్డుకి అవతల ఒక మనిషి పిడికిళ్ళు బిగించి ఒంటికాలి మీద గెంతుతున్నాడు.

"ఎవరాయన?"

"మా పెద్దాయనండీ," అంది అమ్మాయి. "ఆయన దూరంగా ఉంటేనే ఇక్కడ పని జరుగుతుంది."

"అదృష్టవంతులు," అంది అధికారిణి. "మా పెద్దాయన లోపలే ఉంటాడు."