మంజూరైన సముద్రం

పొదిలి దగ్గరి ఎర్రగట్టుపాడుకు సముద్రం మంజూరైందని పాఠకులకు సంతోషంతో తెలియజేస్తున్నాను. ఇంతవరకు ఆ ఊరివాళ్లు సముద్రం చూడాలంటే టిఫిన్లు కట్టుకుని, బస్సులు మారి వెళ్లేవారు. ఇక ఆ శ్రమ లేదు. తాగేనీళ్లకు మాత్రం ఎప్పటిలాగే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకోవాలి. సముద్రపు నీళ్లు తాగడానికి పనికిరావన్నది అందరికీ తెలిసిందే.

ఈ సముద్రం వచ్చిన విధం చాలా సులభం. మిరప కోతల కాలంలో ఊరి బయట కల్లాలన్నీ ఆరబోసిన కాయలతో ఎర్రగా ఉంటాయి. ఒకరోజు మబ్బు పట్టింది. మబ్బు పడితే ఈ ప్రాంతంలో అన్నం ముందు కూర్చున్నవాడైనా లేచి పరిగెత్తి కాయల మీద టార్పాలిన్ పట్ట కప్పుతాడు. ఊరంతా కప్పింది. ఆ ఏడు పొదిలి దుకాణాల్లో దొరికినవన్నీ నీలం పట్టలే. వాన పడలేదు. మబ్బు విడిచాక పైనుంచి ఒక ఉపగ్రహం ఫోటో తీసింది. సముద్రాలను కాపాడటానికి నిధులిచ్చే ఒక విదేశీ సంస్థ ఆ ఫోటో చూసి, ఇది మనిషి కాలు పెట్టని సముద్రపు పాయ అని తేల్చింది. నిధులు మంజూరు చేశామని ఊరికి ఉత్తరం రాసింది.

రిటైర్డు హెడ్మాస్టరు జానకిరామయ్య గారు నిజాయితీపరులు. మాకు సముద్రం లేదని జవాబు రాయబోయారు. అంతలో కారు దిగిన ఆత్రేయ అనే కన్సల్టెంటు ఆపాడు. పర్యావరణానికి గ్రాంట్లు తెచ్చిపెట్టడం అతని వృత్తి. అంతకుముందు పక్క మండలంలో ఎవరూ చూడని కొంగలను కాపాడి మంచి పేరు తెచ్చుకున్నాడు.

"సముద్రం లేకపోవడం మన లోపమండి, దాతలది కాదు. మన లోపానికి వాళ్లను బాధపెట్టడం పద్ధతేనా?" అన్నాడు.

మాస్టారు ఆలోచించారు. పద్ధతి కాదనిపించింది. సాయంత్రానికి సముద్ర పరిరక్షణ సంఘానికి అధ్యక్షులయ్యారు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. కల్లాల పక్కన "లోతు ఎక్కువ, ఈత నిషేధం" అని బోర్డు పాతారు. ఊళ్లో ఖాళీగా ఉన్న ప్రేమదాసును గజఈతగాడిగా నియమించి విజిల్ ఇచ్చారు. అతనికి ఈత రాదు. అయినా ఇప్పటివరకు ఎవరూ మునగలేదు కనుక అతని సేవలు సంతృప్తికరమే. సముద్రమన్నాక గుడ్లు పెట్టడానికి రావలసిన తాబేళ్లు ఇంకా రాలేదు. దూరం కదా, వస్తాయి. తీరవాసులకు గౌరవ వేతనం కూడా ఏర్పాటైంది. కల్లం ఎవరి పేరున ఉంటే వారే తీరవాసి.

సంస్థ పెట్టిన షరతు ఒక్కటే: సముద్రం కుంచించుకుపోకూడదు. మళ్లీ పైనుంచి ఫోటో తీస్తారు. అందుచేత పట్టలు ఎవరూ తీయరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీరవాసులు తమ కాయలను పట్టల కింద నుంచి లాగి సొంత డాబాల మీద ఆరబోసుకున్నారు. ఖాళీ పట్టలు కల్లాల్లో నీలంగా మెరుస్తూ ఉండిపోయాయి.

కౌలు సేద్యం చేసే నసీమున్నీసాకు డాబా లేదు, రేకుల ఇల్లు. కల్లం ఆమె పేరున లేదు గనుక తీరవాసి కూడా కాదు. ఆమె ఏడాది కష్టం ఆ పట్ట కింద ఉక్కిపోతోంది. ఎండ తగలకపోతే కాయ రంగు పోయి తాలవుతుంది. తాలుకాయలకు గుంటూరు యార్డులో సానుభూతి తప్ప ధర రాదు. ఆమె సంఘం దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. మాస్టారు లేచి నిలబడ్డారు.

"అమ్మా నసీమున్నీసా, నీ బాధ నాకు తెలుసు. కానీ రేపు భావితరాలు మనల్ని ఏమడుగుతాయి? సముద్రమేదీ అని అడుగుతాయి. మిరపకాయలేవీ అని అడగవు."

"మరి భావితరాలు ఏం నంజుకు తింటాయండీ మాస్టారూ?" అంది ఆమె.

ఈ ప్రశ్న అజెండాలో లేనందున చర్చకు రాలేదు.

మర్నాడు పొద్దెక్కగానే ఆమె తన పట్ట లాగేసింది. నీలం మధ్యలో కాయలు ఎర్రగా ఎండకు నవ్వాయి. ఆ రోజే ఫోటో పడింది. సముద్రం ఎర్రబారిందని, విషపు నాచు వ్యాపించిందని విదేశాల్లో శాస్త్రవేత్తలు కన్నీళ్లు పెట్టుకున్నారు. అత్యవసర నిధి కింద మునుపటికి రెట్టింపు మంజూరైంది. జరిమానా వేద్దామని బయల్దేరిన సంఘం దారిలో ఈ కబురు విని, ఆమెకు శాలువా కప్పింది. ఎరుపు తగ్గితే నిధి ఆగిపోతుంది కనుక ఆమె పట్టను స్వాధీనం చేసుకుని ఆఫీసులో పెట్టి తాళం వేసింది. శాలువా ఆమెకే వదిలేశారు.

మళ్లీ మబ్బు పట్టింది. ఈసారి చినుకులు మొదలయ్యాయి. నసీమున్నీసా పరుగున వచ్చి మాస్టారి గుమ్మంలో నిలబడింది.

"నా సముద్రం నాకిచ్చెయ్యండి మాస్టారూ. కాయలు తడుస్తున్నాయి."

మాస్టారు నిజంగానే కంగారుపడ్డారు. కానీ తాళంచెవి ఆత్రేయ దగ్గరుంది. ఆత్రేయ ఎర్రగట్టుపాడు సముద్రాన్ని కాపాడినందుకు సన్మానం అందుకోవడానికి హైదరాబాదు వెళ్లాడు. ఆమె కల్లాలకు పరిగెత్తి ఖాళీ పట్టల్లో ఒకటి లాగబోతే ప్రేమదాసు విజిల్ ఊదాడు. ఉద్యోగంలో చేరాక అతనికి దొరికిన మొదటి పని అది. చివరికి ఆమె శాలువా కప్పింది. శాలువా కింద ఒక గంపెడు కాయలు మిగిలాయి. తక్కినవన్నీ తాలయ్యాయి. ఖాళీ పట్టల మీద వాన నిలిచి, ఎర్రగట్టుపాడు సముద్రంలో మొదటిసారి నీళ్లు కనిపించాయి.

నాకు ఒళ్లు మండింది. ఆమెకు ఒక పట్ట కొనిపెడదామని ఒంగోలులో తెలిసినవాళ్లను చందా అడిగాను. అందరూ మీలాంటివాళ్లే, చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు. మిరపకాయల పట్టకు అనగానే ఫోన్లలోకి తల దూర్చారు. తాబేళ్ల కోసమన్నాను. అక్కడికక్కడే జేబుల్లో చేతులు పెట్టారు.

నీలమైతే సముద్రంలో కలిపేస్తారని పసుపు పట్ట కొని పంపాను. నిన్న ఆత్రేయ ఫోన్ చేసి, ఊళ్లో ఎడారి ఎప్పుడు మొదలైందని అడిగాడు.